నమూనా రైలు ప్రక్కన నాయుడుపేట రోడ్డు

బొమ్మరైలు అంగడిలో దొరకును. దాని పట్టాలు, సిగ్నలు స్తంభములు, స్టేషను భవనము, చివరకు ప్లాటుఫారము మీద పెట్టె మోయు కూలివాని బొమ్మ సైతము దొరకును. ఆ రైలు ప్రక్కన నడచు రోడ్డు మాత్రము అంత సులభముగా దొరకునది కాదు. విదేశములలో నల్లని కాగితము మీద తెల్లగీతలు అచ్చువేసి, చుట్టలుగా చుట్టి అమ్ముచున్న మాట నిజమే. చుట్ట విప్పి పరచినచో బల్ల మీద ఒక రోడ్డు ఏర్పడును. అది ఏ దేశపు రోడ్డు, ఏ సంవత్సరపు రోడ్డు అని అడిగినచో సమాధానముండదు.

నమూనా రైళ్లు నిర్మించువారిలో ఒక చిత్రమైన అలవాటున్నది. ఇంజను బాయిలరు మీద రివెట్లు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి, ఒకటి తక్కువైనచో నిద్రపోనివారు సైతము రోడ్డు దగ్గరకు వచ్చుసరికి నల్లరంగు డబ్బా మూత తీయుదురు. ఫలానా ఇంజను ఫలానా సంవత్సరమున వచ్చినది, ఫలానా సంవత్సరమున పోయినది అని రైలుకు చరిత్ర ఉన్నదని అందరము ఒప్పుకొందుము. రోడ్డుకును అటువంటి చరిత్రయే ఉన్నదనీ, అది తెలియక నమూనాలో నిజమైన రోడ్డు వేయుట సాధ్యము కాదనీ ఈ ప్రసంగములో చెప్పదలచినాను. ఉదాహరణకు నాయుడుపేటను తీసికొనుచున్నాను.

చెన్నైకి ఉత్తరముగా సుమారు 110 కిలోమీటర్ల దూరమున, సువర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు ఇది. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ తరువాత తిరుపతి జిల్లాలో చేరినది. చెన్నైనుండి కలకత్తాకు పోవు రాజమార్గము, అదే దిక్కుకు పోవు రైలుబాట ఈ సీమలో చాల దూరము తోడుతోడుగా సాగుచున్నవి. రెండును ఇచ్చటనే సువర్ణముఖిని దాటుచున్నవి. పడమటనుండి తిరుపతి, శ్రీకాళహస్తి రోడ్డు వచ్చి కలియుచున్నది. ఏరు, రైలు, రాజమార్గము, అంగడివీధి నాలుగును ఒక బల్ల మీద ఇముడు ఊరు దొరికినప్పుడు నమూనాకారునికి ఇంకేమి కావలెను?

ముందు కొలత సంగతి తేల్చుకొనవలెను. జర్మనీలోని మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారమున పట్టాలు పరచి బొమ్మరైలును నడపినది. పట్టాల వెడల్పులకు క్రమసంఖ్యలు ఏర్పరచినదియు ఆ సంస్థయే. ఇంగ్లండులో హార్న్‌బీ సంస్థవారు 1920లో తమ మొదటి రైళ్లను, 1938లో ‘డబ్లో’ అను చిన్న రైళ్లను అమ్మకమునకు తెచ్చినారు. ఈ చిన్న రైళ్ల పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అంగళ్లలో నేటికిని ఎక్కువగా దొరకునది ఈ పట్టాయే. బ్రిటిషు నమూనాలలో అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున బండ్లను చేయుచున్నారు. ఆ లెక్కన వారి రైలుకు వారి పట్టాయే కొంచెము ఇరుకు. మనకైతే మరింత ఇరుకు. ఏలననగా మన బ్రాడ్‌గేజి వెడల్పు అయిదున్నర అడుగులు. అడుగుకు 4 చొప్పున 22 మిల్లీమీటర్లు కావలెను.

ఇచ్చట ఒక అదృష్టము మనకు కలిసివచ్చినది. అడుగుకు 4 విడిచి 3 మిల్లీమీటర్లు అనుకొన్నచో అయిదున్నర అడుగులకు సరిగా 16.5 మిల్లీమీటర్లు వచ్చును. వెంట్రుకవాసి తేడా లేదు. అంగడిపట్టా మీద భారతదేశపు బ్రాడ్‌గేజిని నిజాయితీగా నిలుపుటకు ఇదియే మార్గము. ఈ లెక్కన నమూనా నిజమైన దానిలో సుమారు నూటయొకటవ వంతు. అయిదున్నర అడుగుల మనిషి కూడ 16.5 మిల్లీమీటర్లే ఉండును. పండ్రెండు అడుగుల రోడ్డు 36 మిల్లీమీటర్లు. ఒక మైలు పదహారు మీటర్లకు కొంచెము తక్కువ. నాయుడుపేటనుండి చెన్నై వరకు పూర్తిగా కట్టదలచినవారికి కిలోమీటరుకు పైగా పొడవున్న ఇల్లు కావలెను గనుక, ఊరి పొలిమేరలతోనే తృప్తిపడుదము.

ఇక రోడ్డు.

రైలు రాకముందు ఈ దారి ఎట్లుండెడిదో తెలుసుకొనుటకు మనకు ఒక తెలుగు గ్రంథము ఎంతయో ఉపకరించును. మద్రాసు సుప్రీముకోర్టులో దుభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసునుండి కాశీకి బయలుదేరినారు. పోవునప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా పోయి, వచ్చునప్పుడు కోస్తా వెంబడి దిగి, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరినారు. వారి ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎచ్చట సత్రమున్నది, ఏ దారి ఇసుక, ఏ దారి రేగడి అనునది దినదినమును కనబడును. పల్లకీబోయీల పాదములకు తగిలినదెల్ల ఆ గ్రంథములో చేరినదని చెప్పవచ్చును. ఆ సత్రముల జాడ నేటికిని ఊరిపేర్లలో నిలిచియున్నది: నాయుడుపేటకు దక్షిణమున, సూళ్లూరుపేట దారిలో, దొరవారి సత్రమున్నది, రైలు కూడ ఆ పేరుగల స్టేషను దాటి పోవుచున్నది.

1830లో ఇచ్చట రైలు లేదు గదా, దీనితో మనకేమి పని అని అడుగవచ్చును. పని ఉన్నది. రోడ్డు వంపులు ఆనాటివి. ఎద్దు, పల్లకీ, కాలినడక కలిసి ఏర్పరచిన దారి చెరువుకట్టను చుట్టివచ్చును, తోపు నీడకై ప్రక్కకు ఒరుగును, ఏటి దగ్గర లోతు తక్కువగా ఉన్న రేవును వెదకికొనును. తరువాత వచ్చిన ఇంజనీర్లు ఆ దారిమీదనే రాయి పరచినారు గనుక ఆ వంపులు చాలవరకు నిలిచినవి. రైలుబాట కొలతగొలుసు పట్టి వేసినది, చక్కగా పోవును. కనుక నమూనాబల్ల మీద రైలు చక్కగాను, రోడ్డు కొంచెము సోమరిగాను సాగవలెను. రెంటిని ఒకే స్కేలుబద్దతో గీచినవాడు మొదటి గీతతోనే డెబ్బది సంవత్సరముల చరిత్రను చెరిపివేసినవాడగును.

రాయి ఎప్పుడు వచ్చినది? స్కాట్లండు దేశీయుడు జాన్ లౌడన్ మెకాడం 1816లో బ్రిస్టలు ప్రాంతపు రోడ్ల పర్యవేక్షకుడైనాడు. ఆయన కనిపెట్టినది చిన్న సంగతి. ఫలము మాత్రము పెద్దది. రోడ్డు బరువును మోయవలసినది అడుగున ఉన్న నేల. నేల పొడిగా ఉన్నంతకాలము మోయును. కనుక పైన నీరు దిగనీయని కప్పు వేయవలెను. కోణములుగల చిన్న రాళ్లను పరచినచో బండ్ల రాకపోకలకే అవి ఒకదానితో ఒకటి బిగిసికొని కప్పుగా ఏర్పడును. ఏ రాయియు ఆరు ఔన్సుల బరువు మించరాదన్నాడు. ముప్పది అడుగుల వెడల్పు రోడ్డుకు నడుమ మూడంగుళముల ఎత్తు చాలునన్నాడు. ఆయన పేరే లోకమంతట ఆ రోడ్లకు వచ్చినది.

కంపెనీవారి కాలమున మద్రాసు రాజధానిలో రోడ్ల స్థితి బాగుండెడిది కాదు. 1850లో నియమింపబడిన పబ్లిక్ వర్క్స్ కమిషను 1852లో సమర్పించిన నివేదికలో ఆ దుస్థితి వివరముగా ఉన్నది. ఆ తరువాతనే మరామత్తు శాఖ ఏర్పడి, ట్రంకు రోడ్ల పనికి ఒక క్రమము వచ్చినది. జనులు నేటికిని జి. ఎన్. టి. రోడ్డు అనునది ఆ ఉత్తర ట్రంకు రోడ్డునే.

ఆ కంకర కొట్టినవారిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టిన మహాక్షామములో నెల్లూరు సీమయు చిక్కినది. కరువుపనులలో కాలువ త్రవ్వుట, రోడ్డు వేయుట, కంకర కొట్టుట ముఖ్యమైనవి. ఈ తీరమున సాగు బకింగుహాం కాలువ ఆనాటి గవర్నరు పేరు మోయుచున్నది. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగవాని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించినాడు. పౌను అనగా మన సేరున్నర కాదు, అరవీసె కాదు, నేటి లెక్కన 450 గ్రాములు. ఆ తిండితో దినమంతయు పనిచేయు శరీరము నిలువదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు. రోడ్డు ప్రక్కన కొలతపెట్టెలతో కొలిచి పోసిన కంకర కుప్పలు, వాటి నడుమ తాటాకు తడిక నీడన కూర్చుండి సుత్తె ఎత్తుచున్న స్త్రీలు: ఇది కరువు పోయిన తరువాతను చాలకాలము మన ట్రంకు రోడ్ల దృశ్యము. నమూనాలో కంకర కుప్పలు పెట్టుట అలంకారము కాదు. అవి లేని కంకర రోడ్డు ఈ దేశములో లేదు.

ఇప్పుడు చేతిపని చూతము. రెండంగుళముల రాయి మన కొలతలో అర మిల్లీమీటరు, అనగా సన్నని ఉప్మారవ్వ అంత. సువర్ణముఖి ఇసుక తెచ్చి చల్లుదుమని అనిపించును. ఊరి ఏటి ఇసుక గదా అని మనస్సు లాగును. కాని మిల్లీమీటరున్న ఇసుకరేణువు నమూనాలో నాలుగంగుళముల రాయి అగును. దానిమీద నడిచిన ఎద్దు కాలు విరిగిపోవలసినదే. రవ్వనే చల్లుదమన్నచో నాలుగు దినములలో చీమలు చేరి రోడ్డును మోసికొనిపోవును. అసలు పూర్తియైన కంకర రోడ్డుమీద రాళ్లు విడివిడిగా కనబడవు. కంకర పరచి, రోలరు తిప్పి, దానిమీద ఎర్రగ్రావెలు చల్లి, నీరు పోసి, మరల తిప్పుదురు. పైకి కనబడునది ఆ ఎరుపే. అందుచేత ఇటుకపొడిని గుడ్డతో వడియగట్టి, చిటికెడు బూడిద కలిపి, పలుచని బంక పూసిన అట్టమీద చల్లవలెను. చక్రముల ఒరిపిడికి గ్రావెలు లేచిపోయిన చోట్ల మాత్రము, సన్నజల్లెడలో దిగిన నాలుగు ఇసుకరేణువులను అద్దవలెను.

నడుమ ఎత్తు మరువరాదు. పండ్రెండడుగుల రోడ్డుకు రెండంగుళముల ఎత్తనుకొన్నను నమూనాలో అర మిల్లీమీటరే. కంటికి తెలియదు గదా అని విడిచిపెట్టువారున్నారు. కాని ప్రక్కనుండి దీపకాంతి పడినప్పుడు చదునైన అట్ట అట్టగానే కనబడును. నడుమ క్రింద ఒక పోస్టుకార్డు ముక్క పెట్టి వంచిన అట్ట రోడ్డుగా కనబడును. మెకాడం మూడంగుళములకు ప్రాణమిచ్చినది ఊరకే కాదు. నమూనాలో నీరు పారకపోయినను వెలుతురు పారును.

బండ్ల జాడలు తడి ఆరకముందే వేయవలెను. ఇనుపకమ్మి చక్రపు జాడ అర మిల్లీమీటరు మించదు, సూదిమొన చాలును. ఎండకాలమున బండ్లవారు కంకరను విడిచి ప్రక్కనున్న మట్టిలో తోలుదురు. ఎద్దుల కాళ్లకు అది మెత్తన. కాబట్టి లోతైన జాడలు కంకరకు రెండు ప్రక్కల మట్టిలో ఉండవలెను, నడుమ కాదు. ఆ మట్టిబాటకు ఆవల చింతలు, వేపలు, మర్రులు. వాటి నీడ రోడ్డుమీద పడవలెను గనుక చెట్లు నమూనాలో చేయెడంత ఎత్తు ఉన్నను తప్పులేదు. నలుబది అడుగుల చింతచెట్టు పండ్రెండు సెంటీమీటర్లు. అంగడిలో అమ్ము నమూనాచెట్లు ఎక్కువగా విదేశపు సూదిచెట్లు. వాటిని నాయుడుపేటలో నాటుటకంటె చెట్లు లేకుండుటే మేలు.

రైలు వచ్చిన తరువాత రోడ్డుకు కొంతకాలము దుర్దశ పట్టినది. మద్రాసు రైల్వే మొదటి భాగము 1856 జూలై 1న రాయపురమునుండి ఆర్కాటు దిక్కుకు తెరువబడినది. ఉత్తరముగా, మన సీమగుండ, మద్రాసును విజయవాడతో కలిపిన బాట 1899లో పూర్తియై, తూర్పుతీరమంతయు ఒకే దారియైనది. బియ్యము, పొగాకు, మనుష్యులు రైలెక్కినారు. సత్రముల అరుగులు బోసిపోయినవి. మైళ్లకొలది ట్రంకు రోడ్డు, ఊరినుండి స్టేషనుకు పోవు బండ్లబాటవలె తగ్గిపోయినది. మరల దానికి ప్రాణము వచ్చినది మోటారు బస్సుతో. మోటారు చక్రము కంకరలోని గ్రావెలును పీల్చి దుమ్ముగా ఎగురగొట్టును. ఎద్దుబండికి పనికివచ్చిన కప్పు దానికి పనికిరాలేదు. అందుకే ఇంగ్లండులో హూలీ అను ఇంజనీరు 1902లో తారు కలిపిన కంకరకు పేటెంటు పొందినాడు. మన దేశములో 1927లో జయకర్ సంఘము ఏర్పడినది. రోడ్లు రాష్ట్రముల శక్తికి మించినవని అది చెప్పగా 1929లో కేంద్ర రోడ్డునిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వచ్చినవి. 1943లో నాగపురమున కూడిన ఇంజనీర్లు జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులని తరగతులు ఏర్పరచినారు. 1956లో జాతీయ రహదారుల చట్టము వచ్చినది. మన దారికి అయిదవ నంబరు వచ్చినది. 2010లో దేశమంతట నంబర్లు మార్చినప్పుడు అది పదునారయినది.

తారు ఒక్కమారుగా పరచినది కాదు. ఊళ్ల నడుమ కొంత, వంతెనల దగ్గర కొంత, ముక్కలు ముక్కలుగా వచ్చినది. తొలిరోజుల తారు రోడ్డు నడుమ పండ్రెండు అడుగుల పట్టీ మాత్రమే. ఎదురెదురుగా రెండు లారీలు వచ్చినచో రెండును ఒక్కొక్క చక్రమును మట్టిలోనికి దింపవలసినదే. ఆ దింపుడులో తారు అంచులు విరిగి రంపపుపళ్లవలె ఉండును. ఈ అంచు నమూనాకారునికి ప్రధానము. కత్తెరతో చక్కగా కత్తిరించిన అంచు తారు రోడ్డును రిబ్బనుగా చేయును. అట్ట అంచును గోటితో చించుటయే మంచిది. రంగు విషయమున మొదట అన్న మాటనే మరల చెప్పుచున్నాను: తారు వేసిన వారము దినములు నల్లగా ఉండును, ఆ తరువాత ఎండకు, దుమ్ముకు బూడిదవన్నె వచ్చును. అన్నిటికంటె సన్నని గరుకుకాగితము తెచ్చి, తెలుపు, నలుపు, కొంచెము మట్టిరంగు కలిపి పూసినచో సరిపోవును. గుంతలు పూడ్చిన చోట మాత్రము చిక్కని నలుపు. తెల్లగీత ఆనాటి పల్లెదారిలో వెదకినను కనబడదు.

కనుక ఇంజనును చూచి రోడ్డును నిర్ణయించుకొనవలెను. ఇంజను మీద ఎం. అండ్ ఎస్. ఎం. అను అక్షరములున్నవా? ఆ రైల్వే 1908లో ఏర్పడి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసినది. దాని ప్రక్కన ఎర్రగ్రావెలు రోడ్డు, లేదా సన్నని తారుపట్టీ. పట్టాలపైన విద్యుత్తీగె ఉన్నదా? చెన్నై, విజయవాడల నడుమ విద్యుదీకరణము 1980 నాటికి ముగిసినది. అప్పుడు రెండు వరుసల తారు, 23 అడుగుల వెడల్పు, నమూనాలో 69 మిల్లీమీటర్లు. నాలుగు వరుసల రహదారి కావలెననుకొన్నచో అది 1999 తరువాత మొదలైన స్వర్ణ చతుర్భుజి పథకపు కాలము. నడుమ విభజిక, ఇనుపకంచె, తెల్లగీతలు, పసుపుగీతలు అన్నియు పెట్టవచ్చును. ఆవిరి ఇంజను ప్రక్కన నాలుగు వరుసల రహదారి వేసిన నమూనాలు లేకపోలేదు. బొమ్మలకొలువులో అట్టివి శోభించును. మన ఇండ్లలో పిల్లలు ఇసుకతో బాట వేసి, రాగులు మొలిపించి, అద్దముతో చెరువు పెట్టి, కొండపల్లి అంబారీ ఏనుగు ప్రక్కనుండి తాళముచెవి రైలును నడపించినప్పుడు ఏ పరిశోధకుడును ఆక్షేపింపడు. కొలువు దేవతలది, అక్కడ కాలభేదము లేదు. నమూనా అని పేరు పెట్టినప్పుడే చిక్కు.

ఈ చిక్కును ప్రాణసమానముగా తీసికొన్న మనిషి ఒకడున్నాడు. రాయ్ ఇంగ్లండ్ అను ఆస్ట్రేలియా యువకుడు 1925లో బ్రిటనుకు వచ్చి, వైట్ హార్సు లోయలోని పల్లెలు తన కన్నులముందే మారిపోవుచుండుట చూచినాడు. పూరికప్పులు పోయి రేకులు వచ్చుచున్నవి, తెల్లని సుద్దమట్టి దారులమీద తారు పడుచున్నది. ఆపుటకు తన చేతిలో శక్తి లేదు గనుక అడుగుకు 4 మిల్లీమీటర్ల కొలతలో ఆ పల్లెలను కట్టిపెట్టదలచినాడు. ఆయన మొదలుపెట్టిన పెండన్ ప్రదర్శనశాల 1954లో లాంగ్ విటెన్‌హాం గ్రామమున ఏర్పడినది; ఎందరో కలిసి దశాబ్దములు పనిచేసినారు. ఇరువదులు, ముప్పదుల నాటి ఆ లోయలో ఏ దారి ఏ రంగులో ఉండెడిదో నేడు తెలుసుకొనవలెనన్నచో ఆ బల్ల దగ్గరకే పోవలెను. మన దేశములో పుణె నగరమున జోషిగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల ప్రసిద్ధమైనది. నగరమంత నమూనా అది, పిల్లలు వదలిరారు. కాని ఒక తెలుగు ఊరిని, దాని రోడ్డుతో సహా, ఒక సంవత్సరమునకు కట్టుబడి నిలిపినచో దాని విలువ వేరు. రహదారులు వెడల్పు చేసినప్పుడు ప్రక్కచెట్లు పోవుట, పాత వంతెనలు మూలపడుట దేశమంతట జరిగినదే. చింతల నీడన నడచిన ట్రంకు రోడ్డు వెడల్పెంతో, గ్రావెలు రంగేదో చూచినవారు నేడు ముదుసలులు. వారిని అడిగి వ్రాసికొనుటకు బొమ్మరైలు ఒక సాకు అయినను నాకు సమ్మతమే.

ఊరిలోని వీధికి వత్తము. ఇంగ్లీషు నమూనా పుస్తకములలో పేవుమెంటుకు ఒక అధ్యాయముండును: ఆరంగుళముల ఎత్తు అంచురాయి, చదరపు పలకలు, మూలలో గుండ్రని వంపు. మన అంగడివీధిలో ఆ పేవుమెంటు పనిని చేసినది ఇంటి అరుగు. రోడ్డు, దాని ప్రక్క మురుగుకాలువ, దానిమీద గుమ్మమునకు ఎదురుగా మాత్రము ఒక బండ, ఆవల అరుగు, అరుగుమీద స్తంభము, స్తంభమునకు ఆనుకొని మనిషి. ఈ వరుస తప్పినచో అది తెలుగు వీధి కాదు. బండలు కడపరాయి: నల్లన, కొంచెము నీలిజీర. రెండడుగుల బండ నమూనాలో 6 మిల్లీమీటర్ల చదరము. పాత పోస్టుకార్డును కోసి రంగు వేసినచో చాలును. అన్ని బండలును ఒకే మట్టమున అంటించరాదు. ఒకటి వాలియుండవలెను, ఒకటి విరిగియుండవలెను. కాలువ అడుగున పచ్చని వార్నీషు చుక్క. అరుగుల ఎత్తు ఇంటింటికి వేరు. ఏ ఇంటివారు తమ ముంగిలిని ఎంత పెంచుకొన్నారో అంత. రోడ్డుమీద ఏటేట కంకర, తారు పొరలు పడి మట్టము పెరుగుటచేత పాత ఇండ్ల అరుగులు క్రిందికి దిగినట్లు కనబడును. ఒక వీధి వయస్సు చెప్పుటకు ఇంతకంటె మంచి గురుతు లేదు.

అన్నిటికంటె కష్టమైనది రైలును రోడ్డు దాటుచోటు. ఈ తీరభూమి చదును గనుక రైలుబాటను కట్టమీద వేసినారు. రోడ్డు మెల్లగా ఎక్కి, పట్టాల మట్టమునకు వచ్చి, మరల దిగవలెను. పట్టా ప్రక్కన చక్రపు అంచు పోవుటకు విడిచిన సందు నిజములో రెండంగుళములు. మన కొలతలో అర మిల్లీమీటరు. కాని అంగడిలో దొరకు బొమ్మచక్రముల అంచులు మోటువి. అర మిల్లీమీటరు సందులో అవి ఎక్కి పట్టా తప్పును. ఇచ్చట మాత్రము సత్యమును కొంచెము సడలించి ఒకటిన్నర మిల్లీమీటరు విడువవలెను. పట్టాల నడుమ నింపినది పట్టాకంటె ఒక కాగితపు మందము దిగువగా ఉండవలెను. లేనిచో పట్టాలు తుడుచుటకు గరుకుకాగితము పెట్టినప్పుడెల్ల రోడ్డు రంగు లేచిపోవును. కాపలాలేని గేట్లు బ్రాడ్‌గేజి మీద 2019 జనవరి నాటికి దేశమంతట తొలగింపబడినవి. చాలచోట్ల వాటికి బదులు కట్టక్రింద సొరంగపు దారులు వచ్చినవి. నేటి కాలపు నమూనా కట్టువారు బల్లను కోసి ఆ దారిని దింపవలెను. వానకాలపు దృశ్యమైనచో అందులో రెండు మూడు పొరల వార్నీషు పోసి నీరు నిలుపవలెను.

మిగిలినది మైలురాయి. దానిని చివరకు పెట్టుటయే మంచిది, ఏలననగా అంతవరకు ఏ సంవత్సరమును కట్టినామో అది బయటపెట్టును. మద్రాసునుండి మైళ్లు చెక్కియున్నచో 1956 నాటి కొలతల చట్టము రోడ్డుమీదికి రాకముందటి రాయి. మద్రాసు అని కిలోమీటర్లున్నచో 1960 దశకము తరువాత. చెన్నై అని ఉన్నచో 1996లో పేరు మారిన తరువాత. రాయి ఎత్తు రెండున్నర అడుగులనుకొన్నచో నమూనాలో ఏడున్నర మిల్లీమీటర్లు. దానిమీద మద్రాసు అను మూడక్షరములు వ్రాయుటకు ఒక్క వెంట్రుక కుంచె, పగటివెలుతురు, మంచి కన్ను కావలెను. కన్ను సహకరింపనివారు సున్నము పూసి విడిచిపెట్టవచ్చును. ట్రంకు రోడ్డుమీద చాల రాళ్లపై అక్షరములు చెరిగియే ఉండెడివి.